నాలుగో దినం చేతికొచ్చిన పరక

పోయిన వేసవిలో మా పాపను ముప్పై మూడు దినాలు మా చిన్నమామ ఇంట్లో వదిలిపెట్టినాను. పాపకు పదకొండేండ్లు. నేను దాంతో ఉండలేదు, వాళ్ళ నాయనా ఉండలేదు. తీసుకుపోయి, ఒక పూట అన్నం తిని, సాయంత్రం బస్సుకు అనంతపురం తిరిగొచ్చేసినాను.

ఆ ముప్పై మూడు దినాలూ నన్ను అడగనివాళ్ళు లేరు. "ఒక్కదాన్నే ఎట్ల వదిలిపెట్టినావమ్మా?" అని పక్కింటామె. "ఈ ఎండల్లోనా? ఆడ ఏసీ ఉందా?" అని ఆఫీసులో. "బ్రిడ్జి కోర్సు పోతుంది కదా మేడమ్" అని, సెలవుల్లో పెట్టే క్లాసుల గురించి, స్కూలు నుంచి ఫోను. ఆఖరికి మా అమ్మ కూడా, "ఈ వయసులో మీ మామోళ్ళకు ఈ బరువు ఏంటికి పెట్టినావే" అనింది. అప్పటికప్పుడు ఒక్కొక్కరికి ఒక్కోటి చెప్పి తప్పించుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా కూర్చొని అందరికీ కలిపి చెప్తాను.

వేసవి సెలవులంటే మామిడిపండ్లు, మిద్దె మీద పడక, బాయిలో ఈత అని మనందరం తలుచుకుంటాం. నాకూ అవన్నీ ఉన్నాయి. కానీ మమ్మల్ని మనుషుల్ని చేసింది అవి కావని నాకు నమ్మకం. పిల్లకు అమ్మానాయన పక్కన లేకపోవాల. నాలుగో దినం దాటి ఉండాల. ఈ రెండూ కుదిరితే ఊరు లేకపోయినా, ఏరు లేకపోయినా అవి సెలవులే. కుదరకపోతే గండికోటలో టెంట్లు తీసుకొని చుట్టాలందరూ కలిసి రెండు రాత్రులు ఉన్నా అది చుట్టపుచూపే. నాలుగో దినం అని ఇంత కచ్చితంగా ఎందుకంటున్నానో చెప్పాలంటే మా అవ్వగారి ఇంటికి పోవాల.

మా నాయనది అనంతపురంలో చిన్న ఉద్యోగం. అవ్వగారి ఊరు కడప జిల్లా కొండాపురం మండలంలో, పెన్న ఒడ్డున. ఆఖరి పరీక్ష రాసిన మరుసటి పొద్దున్నే నన్నూ మా తమ్ముణ్ణీ నాయన ఎర్రబస్సు ఎక్కించేవాడు. తాడిపత్రిలో బస్సు మారాల. అక్కడ బుగ్గ రామలింగేశ్వరుని గుడి పక్కనే పెన్న. ఏప్రిల్ నెలాఖరుకు దాంట్లో నీళ్ళెక్కడివి, అంతా ఇసకే. "ఈ ఏరే మీ అవ్వోళ్ళ ఊరికి పోతుంది. మనకంటే ముందే పోతుంది" అని నాయన ప్రతి ఏడూ అనేవాడు. నీళ్ళు లేని ఏరు ముందెట్ల పోతుందో తెలియకపోయినా నేను నమ్మేదాన్ని. నాయన ఆ రాత్రి ఉండి, పొద్దున్నే చెంబుడు మజ్జిగ తాగి వెళ్ళిపోయేవాడు. అమ్మ వచ్చేది మళ్ళీ జూన్ మొదటి వారంలో, మమ్మల్ని తీసుకుపోవడానికి. మధ్యలో ఒకటో రెండో కార్డు ముక్కలు. ఫోను అనే మాటే లేదు.

ఇల్లు మట్టి మిద్దె. లోపల నాపబండలు పరిచింటారు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద పొట్ట ఆనించి పడుకుంటే దాని చలువ ముందు ఏదీ చాలదు. పైన గవాచి. దాంట్లోంచి ఎండ ఒక బిళ్ళగా కిందికి దిగి, పొద్దు పోయేకొద్దీ పడసాల అంతా నడిచేది. ఎండ బిళ్ళ గాదె కాడికొస్తే గొడ్లకు నీళ్ళు పెట్టే వేళ. రోలు కాడికొస్తే మా అన్నాల వేళ. గోడెక్కితే ఇంక బయటికి పోవచ్చు. ఇంట్లో గడియారం ఉండేది గానీ పిల్లలెవరూ దాన్ని చూసినట్టు నాకు గుర్తు లేదు.

అవ్వ, అబ్బ (మా పక్క తాతను అబ్బ అంటాం), ఇద్దరు మామలు, ఇద్దరు అత్తలు. పెద్దమ్మ పిల్లలు ముగ్గురు, చిన్నమ్మ పిల్లలు ఇద్దరు, మామల పిల్లలు నలుగురు, మేము ఇద్దరం. మొత్తం పదకొండు మంది పిల్లలం.

మొదటి దినం పండగ. రెండో దినమూ పండగే. చుట్టాల పిల్లలమని మాకు ముందు వడ్డిస్తారు, గోళెం కాడికి పోతే ఎవరో ఒకరు చెంబు అందిస్తారు, ఏ పని ముట్టుకోబోయినా "నువ్వు కూర్చో పాపా" అంటారు. మూడో దినం సాయంత్రం నుంచి గొంతులో ఏదో అడ్డం పడుతుంది. అమ్మ గుర్తొస్తుంది. అదేమో పైకి చెప్పుకోలేం, పదిమంది పిల్లల్లో నగుబాటు.

నాకు ఏడేండ్లప్పటి ఆ మూడో రాత్రి ఇప్పటికీ కండ్ల ముందుంది. సాయంత్రం మిద్దె మీద నీళ్ళు చల్లి వేడి దింపినారు. ఈతచాపలు, వాటి మీద బొంతలు, వరసగా పదకొండు పక్కలు. అందరూ నిద్రపోయినారు. నేను బొంత నోట్లో కుక్కుకొని ఏడుస్తున్నాను. ఎట్ల తెలిసిందో, చిన్నత్త నిచ్చెన ఎక్కి పైకొచ్చింది. దీపం లేదు. వచ్చి నా పక్కన అట్లే పడుకొని వీపు మీద చెయ్యి వేసింది. ఆ చేతికి ఎర్రగడ్డ వాసన, పొయ్యి వాసన. అమ్మ చెయ్యి కాదది. బరుకుగా ఉంది. ఆ చెయ్యి నాకు కొత్త, అందుకే ఇంకా ఏడుపొచ్చింది. అప్పుడు అత్త నా చెవి దగ్గర చెప్పింది: "నేనూ ఈ ఇంటికొచ్చిన మూడో రాత్రి ఇట్నే ఏడ్చినా పాపా. ఇదే మిద్దె మీద. రేపటికి పోతుంది సూడు."

అప్పుడు అత్తకు ఇరవై రెండేండ్లు కూడా ఉండవు. పెండ్లయి మూడేండ్లు. అంత పెద్ద మనిషి కూడా అమ్మ కోసం ఏడుస్తుందని నాకు అప్పుడే తెలిసింది. తన ఏడుపు నాకు చెప్పినందుకు ఆమె నాదైపోయింది. ఇంకెవరి పిల్లకో ఆ మాట చెప్పదు కదా అనిపించింది.

తెల్లారింది. నాలుగో దినం. పండ్లు తోముకొని వస్తూనే అత్త నా చేతికి పరక ఇచ్చింది. "పడసాల ఊడ్చు పాపా, కసువు ఆ మూలకు తొయ్యి" అనింది. కూర్చోమని అనలేదు. ఆ పొద్దు నుంచి నేను చుట్టం కాదు. నా వంతుకు నీళ్ళు, నా వంతుకు తిట్లు, నా వంతుకు మామిడిపండు టెంక. ఆ ఇంట్లో నాకొక జాగా దొరికింది.

ఇప్పుడు చెప్పండి. శుక్రవారం రాత్రి కారులో పోయి ఆదివారం సాయంత్రం వచ్చేసే పిల్లకు ఆ పరక ఎట్ల దొరుకుతుంది? బెంగ రావడానికే మూడు దినాలు పడుతుంది. బెంగ రాకముందే మనం బయలుదేరుతున్నాం. వచ్చినా పక్కన అమ్మ ఉంటుంది, ఇంకొకరి చెయ్యి వీపు మీద పడే పని లేదు. పోయినన్ని సార్లూ ఆ పిల్ల చుట్టమే. పదిహేనేండ్లొచ్చేసరికి, "ఆడ బోరు కొడుతుందమ్మా, నేను రాను" అంటుంది. అనదా మరి? చుట్టంగా కూర్చోవడం ఎవరికైనా విసుగే.

ఇంకొకటి. సొంత అమ్మ తిట్టడానికీ మామ తిట్టడానికీ తేడా ఉంది. పెన్నలో చెలమలు తీసి తాగేనీళ్ళు తెచ్చుకునే రోజులవి. కొబ్బరిచిప్పతో ఇసక తోడితే మొదట మడ్డి నీళ్ళూరుతాయి. అవి పారబోయాల. కాసేపు కూర్చోవాల. రెండోసారి ఊరిన నీళ్ళు తేటగా, కొంచెం తియ్యగా ఉంటాయి. వాటిని చెంబుతో నిదానంగా తీసి బిందెలో గుడ్డ వాసెన మీద పోయాల. తొందర పడితే మళ్ళీ మడ్డే. ఒకరోజు చిన్నమ్మ కొడుకుతో వంతు కాడ కొట్లాడి, అవ్వ ఇత్తడి బిందెను బండరాయి మీద ఎత్తేసినాను. ఇంత లోతు సొట్ట. అది అవ్వ పుట్టింటివాళ్ళు పెట్టిన బిందె.

ఇంట్లో అయితే అమ్మ వీపు విమానం మోత మోగించి, రాత్రికి దగ్గరికి తీసుకొని ఉండేది. అంతటితో సరిపోయేది. చిన్నమామ కొట్టలేదు, కోప్పడనూ లేదు. బిందెను అటూ ఇటూ తిప్పి చూసి, "ఈ సొట్ట నీది. ఇంక ఈ బిందె నువ్వే మొయ్యాల" అన్నాడు. ఆ సెలవులు అయ్యేదాకా నేనే మోసినాను. సొట్ట వైపు నడుముకు ఆనించుకుంటే బిందె జారదని కూడా కనిపెట్టినాను. తర్వాతి ఏడు పోతే అది నా కోసం ఎదురుచూస్తున్నట్టు వాకిట్లో బోర్లించి ఉంది. ఇంట్లో అందరూ దాన్ని పాప బిందె అనే అనేవాళ్ళు. అమ్మ కాని మనిషి ముందు తప్పు చేస్తే ఆ తప్పు కాస్త బరువు. ముద్దు పెట్టి మాఫీ చేసేవాళ్ళు ఉండరు. ఆ బరువు మోయడం పిల్లకు తెలియాల. దాన్ని నేర్పడం సొంత అమ్మ వల్ల కాదు, నా వల్లా కాదు.

నెల రోజులు ఉంటే ఇంటి మంచే కాదు, తప్పులూ కనబడతాయి. అదే ఏట్లో ఎస్సీ వాడ వాళ్ళ చెలమలు కిందవైపు వేరుగా ఉండేవి. మా కల్లంలో నాతో బారాకట్ట ఆడే పిల్ల నీళ్ళకు మాత్రం అటు పోయేది. "ఆ పిల్ల మన చెలమ కాడికి ఏంటికి రాదు అవ్వా?" అని అడిగినాను. "గమ్మునుండు" అనింది అవ్వ. నన్ను ముద్దలు పెట్టి పెంచిన అవ్వే ఆ మాట అనింది. రెండు దినాలు ఉండి వచ్చింటే ఆ ప్రశ్న నాకు పుట్టేది కాదు, అవ్వ నాకొక బొమ్మలాగా మిగిలేది. ఆమెను ప్రేమిస్తూనే ఆమె తప్పని అనుకోవడం నాకు ఆ వేసవిలో మొదలైంది. ఇప్పటికీ అట్లే ఉంది.

చింతపండు పని గురించి చెప్పకపోతే మా సెలవులు సగమే చెప్పినట్టు. చెట్ల మీది కాయ మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలుస్తారు. మే నెల మధ్యాహ్నాలు మాకు అదే పని. పెద్దత్త పెంకులు కొట్టి ఇస్తే, పెద్దపిల్లలు ఈనెలు లాగాల, చిన్నపిల్లలు గింజ తీయాల. ఒక అరగంటకు గోళ్ళ సందుల్లో పులుపు దిగి మంట. వేళ్ళు నల్లబడతాయి. పని చేస్తూ అబ్బ చెప్పే కథలు, పెద్దమ్మ కూతురు పాడే పాటలు, కొట్లాటలు. ఎవరు తీసిన గింజలు వాళ్ళవే, బారాకట్టకూ అచ్చనగండ్లకూ. తీసిన పండును ఉప్పు చల్లి కాగుల్లోకి కూరి, అమ్మ, పెద్దమ్మ, చిన్నమ్మ వచ్చినప్పుడు తలా ఒక కాగు ఇచ్చి పంపేది అవ్వ. అనంతపురంలో ఏడాది పొడుగునా మా ఇంటి పులుసులోకి మేము గింజ తీసిన పండే. దాంట్లో ఎక్కడైనా ఒక గింజ తగిలితే, "ఇది తమ్ముడు తీసింది" అని నేను, "అక్క తీసింది" అని వాడు. ఎనిమిదేండ్ల పిల్లలం ఇంటికి ఒక ఏడాది సరుకు చేసి తెచ్చుకున్నాం. ఈ మాట ఇప్పటి సమ్మర్ క్యాంపుల ముందు పెట్టి అడుగుతున్నాను. మూడు వేలు కట్టి పంపితే పిల్లలు కాగితంతో పూలు చేసుకొస్తారు, ఆ పూలు వారానికి చెత్తబుట్టలో పడతాయి. పిల్లల చేతి పని ఇంటికి అక్కరకొచ్చిందని వాళ్ళకు తెలిసే చోటు ఇప్పుడు యాడుంది?

అయితే ఒక సంగతి నిజాయితీగా ఒప్పుకోవాల. ఈ పండగంతా ఎవరి నడుం మీద నడిచింది? మనందరం అవ్వను తలుచుకుంటాం. అవ్వ చేతి సంగటి, అవ్వ చేతి ఊరిబిండి, అవ్వ చేతి ఓళిగలు అంటాం. కానీ ఆ సంగటి కెలికింది అత్తలు. పదకొండు మంది పిల్లలకు మూడు పూటలా, నలభై దినాలు. మాకు సెలవులు వచ్చినప్పుడు వాళ్ళు తమ పుట్టిండ్లకు పోవడానికి లేదు, ఆడబిడ్డల పిల్లలు వచ్చింటారు కాబట్టి. ఈ లెక్క నాకు నలభై ఏండ్లు దాటినాకే తట్టింది. పోయిన ఏడు పాపను పంపే ముందు చిన్నత్తకు ఫోను చేసి అడిగినాను, "అప్పుడు మేము పోయినాక ఎట్లుండేది అత్తా?" అని. "ఎట్లుంటుంది, పది దినాలు నడుం పట్టుకొని తిరుగుతాంటిమి. ఇల్లేమో సద్దు లేక బోసిగా ఉండె. రెండూ ఉండె" అనింది.

అందుకే, పిల్లల్ని పంపండి అని నేను చెప్పేది ఊరికే పంపమని కాదు. మేము ఈసారి ముందే మాట్లాడుకున్నాం. పెద్దమ్మ కూతురు తన కొడుకును పంపుతానంది. చిన్నమ్మ కొడుకు, అదే బిందె కాడ నాతో కొట్లాడినవాడు, తన ఇద్దరు పిల్లల్ని పంపినాడు. మామ మనవడు ఆడనే ఉంటాడు. మొత్తం ఐదుగురు. పిల్లల ఖర్చు తలా ఇంత అని మామ ఖాతాలో వేసినాం. మొదట మామకు కోపమొచ్చింది, "నా ఇంట్లో అన్నానికి లెక్కలేంది?" అన్నాడు. అత్త ఆయన్ను గమ్మునుండమనింది. అంట్లు తోమడానికి, రెండు పూటల వంటకు ఒకామెను పెట్టుకున్నారు. పొద్దున టిఫిన్ పని మా బావ, మామ కొడుకు, తన మీద వేసుకున్నాడు. బొరుగులు నానబెట్టి పిండి ఉగ్గాని తిరగమోత పెట్టడం ఒక్కటే ఆయనకు వచ్చింది, పది దినాలు అదే తిన్నారంట పిల్లలు. తర్వాత దోసెలు కూడా నేర్చుకున్నాడు. ఇంటి మగవాళ్ళు పొయ్యి కాడికి రాకపోతే ఈ సెలవులను మళ్ళీ నిలబెట్టాలనే మాట ఎత్తే హక్కు మనకు లేదు.

"మీకు మామ ఉన్నాడు, ఊరుంది, చెప్తావు. మాకు ఊరేది?" అంటారు కొందరు. మాకూ ఊరు లేదు. గండికోట జలాశయం కట్టినారు. శ్రీశైలం నీళ్ళు పోతిరెడ్డిపాడు కాడ బయలుదేరి, అవుకు దాటి, గాలేరు-నగరి కాలువ మీదుగా వచ్చి అక్కడ నిలుస్తాయి. 26.85 టీఎంసీలు పడుతుంది. 2020లో తాళ్ళప్రొద్దుటూరును ఖాళీ చేయించిన సంగతి మీరు పేపర్లలో చదివింటారు. అట్లా నీళ్ళకింద పోయిన పల్లెల్లో మాదీ ఒకటి. మిద్దె పోయింది, గవాచి పోయింది, చింతచెట్లు పోయినాయి. కొబ్బరిచిప్పతో నీళ్ళు తోడుకున్న ఏటి మీద ఇప్పుడు కంటికి ఆనినంత దూరం నీళ్ళే. ఆ నీళ్ళతో ఎందరివో చేన్లు తడుస్తాయి, వాటిని నేను తప్పు పట్టలేను. పట్టకుండా ఉండటమూ నా చేత కాదు. అబ్బ, అవ్వ అంతకు ముందే పోయినారు. అదొక్కటే నయమనుకుంటాను.

మామ ఇప్పుడుండేది పునరావాస కాలనీలో. రెండు గదుల స్లాబు ఇల్లు, ముందు రేకుల పంచ, వాకిట్లో ఒక వేపచెట్టు, అది కూడా ఇంకా చిన్నది. చూడటానికి ఏమీ లేదు. మా పాపను అట్లాంటి చోట వదిలినాను. సెలవుల గొప్పతనం ఊరిలో ఉందా మనుషుల్లో ఉందా అన్న నా సందేహం ఆ ఇంట్లోనే తీరింది.

ఎండ సంగతికి వస్తాను. 43 డిగ్రీల ఎండ మా చిన్నప్పుడూ ఉంది, ఇప్పుడు ఇంకా ఎక్కువనే అంటారు, నేనూ ఒప్పుకుంటాను. మామ ఇంట్లో ఒక కూలర్ ఉంది. పది గంటల నుంచి నాలుగున్నర దాకా పిల్లలు గడప దాటకూడదని అత్త చట్టం. పొద్దున రాగి అంబలి, మధ్యాహ్నం మజ్జిగ, కుండ నీళ్ళు. ఎండలో కూర్చోబెట్టి చదివించే క్లాసుల కంటే ఈ ఏర్పాటు నాకు భద్రంగానే కనబడింది.

భద్రత మాట మాత్రం తేలిగ్గా తీసేసేది కాదు. బంధువుల ఇండ్లల్లో పిల్లలకు చెడు జరగదని నేను చెప్పను. జరుగుతుంది. మన కాలంలోనూ జరిగింది, ఎవరూ నోరెత్తలేదు. పంపే ముందు పాపకు అన్నీ విడమరిచి చెప్పినాను. ఎవరి ఇంటికి పంపుతున్నానో, ఆ ఇంట్లో ఎవరెవరు పడుకుంటారో, ఎవరు వచ్చిపోతుంటారో నాకు తెలుసు. పిల్ల ఫోను చేసి "వచ్చి తీసుకుపో" అంటే కారణం అడక్కుండా పోవాలని మేమిద్దరం ముందే అనుకున్నాం. అట్లా నమ్మగలిగిన ఇల్లు లేనివాళ్ళను పంపమని నేను ఒత్తిడి చెయ్యను. నీళ్ళ విషయమూ అంతే. ప్రతి వేసవిలో చెరువుల్లో, కాలువల్లో పిల్లలు పోయిన వార్తలు చూస్తూనే ఉన్నాం. మాకు చిన్నమామ మునగబెండు వీపుకు కట్టి, నడుముకు తాడు వేసి, తాను గట్టు మీద నిలబడి ఈత నేర్పినాడు. బెండు విప్పిన దినం కూడా తాడు విప్పలేదు. ఈసారి జలాశయం వైపు ఎవరినీ పోనియ్యలేదు, చూపించడానికి ఒక్కసారి తానే తీసుకుపోయినాడు.

ఇంక చదువు. స్కూలు క్యాలెండర్‌లో సెలవులు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా ఉంటాయి. లెక్కేస్తే 49 దినాలు. చేతికి వచ్చేది ఎన్ని? చిన్న తరగతుల నుంచే రకరకాల పేర్లతో క్లాసులు. పిల్లలకు ఇచ్చిన సెలవును పిల్లల దగ్గర నుంచి గుంజుకుంటున్నాం, అదీ ఫీజు కట్టి మరీ. మా పాప బ్రిడ్జి కోర్సు పోయింది. జూన్‌లో రెండు వారాలు వెనకబడింది, ఆగస్టుకు సర్దుకుంది. రాసి చూపించగలిగిన నష్టం ఇంతే.

లాభం రాసి చూపించలేను. నాలుగేండ్ల కిందట మా నాయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి వరండాలో రాత్రుళ్ళు వంతులేసుకొని పడుకున్నది ఎవరు? మిద్దె మీద పక్కన పక్కన పడుకున్నవాళ్ళే. పిలవలేదు, వచ్చినారు. ఎవరు ఏ వైపు పడుకోవాలని కూడా అడగలేదు. మా తర్వాతి తరం పిల్లలు ఒకరినొకరు ఎరిగింది ఫంక్షన్ హాళ్ళలో, ఫోటోలకు నిలబడ్డప్పుడు. రేపు మాకు ఆపరేషన్లు అయినప్పుడు వీళ్ళు ఒకరికొకరు ఫోను చేసుకోవడానికి నెంబరు వెతుక్కోవాల.

మూడో దినం రాత్రి పాప ఫోను చేసింది. నేను కాచుకొనే ఉన్నాను. "అమ్మా, వచ్చెయ్" అని ఒకటే ఏడుపు. ముందే చెప్పినానే, అడిగితే పోవాలని. చెప్పులు వేసుకొని తాళాలు తీసుకున్నాను, పదిన్నర అయింది. అంతలో మళ్ళీ ఫోను. ఈసారి గొంతు చిన్నగా ఉంది. "అమ్మా, రేపు రా. అవ్వ నా పక్కన పడుకుంటాదంట" అనింది. చిన్నత్త పాపకు అవ్వ. పొద్దున్నే చేస్తే పాప పలకలేదు. బావ ఎత్తినాడు. "వాకిలి ఊడుస్తాంది, తర్వాత చేస్తుందిలే" అన్నాడు. నేను చెప్పుల మీదనే కూర్చొని కాసేపు ఏడ్చినాను.

ముప్పై మూడో దినం తీసుకురావడానికి పోయినాను. పంచలో ఐదుగురూ కూర్చొని చింతపండు గింజ తీస్తున్నారు. చెట్లు పోయినా అత్త ఆ పని మానలేదు, ఇప్పుడు కాయ బస్తా కొని తెప్పిస్తుంది. పాప వేళ్ళు నల్లగా ఉన్నాయి. నన్ను చూసి లేచి వస్తుందనుకున్నాను. "రొంత ఉండమ్మా, ఇది అయిపోనీ" అనింది. నీళ్ళు తాగుదామని లోపలికి పోతే గట్టు మీద ఇత్తడి బిందె. ఊరు ఖాళీ చేసేటప్పుడు ట్రాక్టర్‌లో ఎక్కని సామాన్లు ఎన్నో వదిలేసినా, దాన్ని మాత్రం అత్త తన ఒడిలో పెట్టుకొని వచ్చిందంట. పాప నా వెనకాలే వచ్చి సొట్టలో చెయ్యి పెట్టి చూపించింది. "ఇది నువ్వు చేసిందంట కదా. సొట్ట ఇట్ల నడుముకు పెట్టుకుంటే జారదు, తెలుసా?" అనింది. తెలియదన్నాను. ఎత్తుకొని చూపించింది.

వచ్చేటప్పుడు అత్త ఒక డబ్బా నిండా చింతపండు ఇచ్చింది. తాడిపత్రి దాకా పాప మాట్లాడలేదు, కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

ఇప్పుడు మాఘమాసం. సాయంత్రం ఆరున్నరకు అత్త ఫోను వస్తుంది. పోయిన వారం నేను ఎత్తి, "ఎట్లుండావు అత్తా, మోకాళ్ళు ఎట్లుండాయి?" అని మొదలుపెట్టినాను.

"బాగనే ఉండాయిలే. ఫోను పాపకియ్యి" అనింది. "చిన్నోడు పండ్లు ఊడగొట్టుకున్నాడు, దానికి చెప్పాల."